లోపల ఎవరో లాగుతున్నారు

పెట్టె ఫ్రిజ్ మీదే ఉండాలని మా ఆయన, హాల్లో కిటికీ పక్కన ఉండాలని మా అమ్మాయి చిట్టి. ఈ వాదన మొదలై వారం దాటింది. ఆ వారంలో మా ఇంటి నెట్ పెట్టె తిరగని చోటు లేదు. పుస్తకాల అర, బీరువా నెత్తి, చెప్పుల స్టాండు, ఆఖరికి ఇస్త్రీబల్ల. ఎక్కడ పెట్టినా దాని పచ్చ దీపాలు ఏమీ ఎరగనట్టు వెలుగుతూనే ఉండేవి. నెట్ మాత్రం నత్తలా పాకేది.

"ఫ్రిజ్ పక్కన పెడితే సిగ్నల్ చస్తుంది నాన్నా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"కిటికీ దగ్గర పెడితే సగం వీధిలోకి పోతుంది. వీధిలో వాళ్ళకోసం వేయించామా మనం?"

మా అత్తయ్య ఇద్దరిలో ఎవరి పక్షమూ కాదు. ఆవిడ బాధల్లా పెట్టె మీద దుమ్ము పడుతోందని. చేత్తో అల్లిన జాలీగుడ్డ ఒకటి తెచ్చి కప్పేది. దానికి ఊపిరాడదు నానమ్మా, వేడెక్కి చస్తుంది అంటూ చిట్టి తీసేసేది. కాసేపాగి చూస్తే గుడ్డ మళ్ళీ దాని నెత్తిన ఉండేది.

నేను గది గుమ్మంలో నిలబడి, ఎక్కడో ఒకచోట పెట్టి ఊరుకోండి, నా క్లాసు మొదలయ్యే వేళయింది అన్నాను. మామూలుగానే అన్నాననుకున్నాను. ముగ్గురూ నావైపు చూసిన చూపుని బట్టి అర్థమైంది, నా గొంతు మామూలుగా లేదని.

ఆ ఎండాకాలం మొదట్లోనే మా ఆయన పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ మూతపడింది. పెద్ద మెషీన్ నడిపే మనిషి. ఏ రంగు ఎంత పడాలో కాగితం వాసన చూసి చెప్పగలనని గొప్పలు పోయేవారు. ఆ మెషీన్‌ని లారీ ఎక్కించి తీసుకెళ్ళిపోతుంటే తాళ్ళు కట్టడానికి కూడా ఈయనే సాయం చేసి వచ్చారు. ఆ తర్వాత ఇంటి పట్టునే ఉంటూ, వాషింగ్ మెషీన్లూ ఫ్రిజ్‌లూ బాగుచేయడం నేర్చుకుంటున్నానని ఫోన్లో వీడియోలు చూస్తూ కూర్చునేవారు. చిట్టి ప్రవేశపరీక్షకి చదువుతోంది. పాఠాలన్నీ నెట్లోనే. ఇంట్లోకి జీతం అంటూ వచ్చేది నాదొక్కటే.

నా పని చెబితే చాలామందికి ఓ పట్టాన అర్థం కాదు. కాలేజీల్లో చెవులు వినపడని పిల్లలు ఉంటారు. లెక్చరర్ పాఠం చెబుతుంటే ఆ మాటలు నెట్ మీద నా చెవుల్లోకి వస్తాయి. విన్నది విన్నట్టు టైపు చేస్తాను. ఆ అక్షరాలు అప్పటికప్పుడు క్లాసులో ఆ పిల్ల ముందున్న తెరమీద పడతాయి. పెళ్ళికి ముందు టైపు నేర్చుకున్న వేళ్ళు నావి. ఎంత వేగంగా మాట్లాడే లెక్చరర్నైనా వదిలేదాన్ని కాదు.

ఆ టర్మ్‌లో నాకిచ్చిన పిల్ల రక్తపరీక్షలు చేసే చదువు చదువుతోంది. మొహం ఎప్పుడూ చూడలేదు. క్లాసు అవగానే, "వెళ్ళొస్తానక్కా" అని రాసి పోయేది, మా ఇంటికొచ్చి కూర్చుని లేచి వెళ్తున్నట్టు.

నా తెరమీద పైమూల ఒక గీత ఉంటుంది. మాటలు సరిగ్గా అందుతుంటే పచ్చగా, తడబడుతుంటే పసుపుగా, తెగిపోతుంటే ఎర్రగా. టర్మ్ మొత్తానికి ఆ గీత ఏ రంగులో తేలితే నా ఉద్యోగం ఆ రంగులో ఉన్నట్టు. సగం ఎండాకాలం గడిచేసరికి గీత పసుపు దాటి ఎర్రలోకి జారుతోంది. మా సూపర్‌వైజరు ఫోన్ చేసింది. నాకంటే బాగా చిన్నది, చెడ్డమ్మాయి కాదు.

"మీ పని బాగోలేదని ఎవరూ అనడంలేదండీ. మీ ఇల్లు బాగోలేదు. లైన్ చూసుకోండి. టర్మ్ అయ్యేలోగా గీత పైకి రాకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఆ రోజే ఇంట్లో ఒక రూలు పెట్టాను. నా క్లాసు జరుగుతుండగా ఎవరూ నెట్లో ఏదీ చూడకూడదు. పాఠాలు కానీ, మరమ్మతులు కానీ, సీరియళ్ళు కానీ, ఏం కావాలన్నా ముందే దింపి పెట్టుకోవాలి. తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. అత్తయ్యకి కూడా నేర్పమని చిట్టికి చెప్పాను. చిట్టి పాత టాబ్లెట్ ఆవిడ దగ్గరుంది, ఓ మూల అద్దం పగిలింది. వీడియో కింద బాణం గుర్తు నొక్కితే అది టాబ్లెట్లోకి దిగిపోతుందనీ, తర్వాత నెట్ లేకపోయినా చూసుకోవచ్చనీ చిట్టి చూపించింది. ఆవిడ రెండుసార్లు నొక్కి చూసి, "అయితే ఇది మనదగ్గరే ఉండిపోతుందా? మళ్ళీ వాళ్ళకివ్వక్కర్లేదా?" అని అడిగింది. అక్కర్లేదని చిట్టి నవ్వింది.

మా అత్తయ్య సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడ కాపురం చేసిన వీధిలో కుళాయి ఎప్పుడొస్తుందో, వస్తే ఎంతసేపొస్తుందో ఎవరికీ తెలిసేది కాదట. చుక్క పడిన చప్పుడు వినపడగానే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ, గ్లాసులతో సహా నిండాల్సిందేనట. ఇప్పుడు మా ఇంటి మీద ట్యాంకుంది. తిప్పితే రోజంతా నీళ్ళే. ఆవిడ నమ్మదు. బాత్రూంలో డ్రమ్ములు, వంటింట్లో బిందెలు, పెరటి గుమ్మం దగ్గర మూతున్న ఎర్ర బకెట్ ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఎర్ర బకెట్‌ని ముట్టుకోనివ్వదు. అది దేనికత్తయ్యా అంటే, మిగతా నీళ్ళన్నీ అయిపోయాక వాడుకోవడానికి అంటుంది. నింపిన నీళ్ళు ఎవరైనా పారబోస్తే ఆవిడకి ప్రాణం పోయినంత పని.

రూలు పెట్టాక రెండు రోజులు బాగుంది. ఆ తర్వాత మునుపటికంటే అన్యాయం.

లెక్చరర్ గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చేది. సగం మాట, ఆపైన నిశ్శబ్దం, ఆపైన మూడు వాక్యాలు ఒకదానిమీదొకటి పడి దొర్లేవి. మా కంపెనీ రూలేమిటంటే, అందని చోట సొంతంగా ఊహించి రాయకూడదు. వినపడలేదు అని రాయాలి. ఎర్రకణాల గురించి చెబుతూ ఆయన, "ఇక్కడ మీరు తప్పనిసరిగా" అన్నారు, పోయింది. వినపడలేదు అని రాశాను. "లేకపోతే ఫలితం మొత్తం" అన్నారు, పోయింది. వినపడలేదు. ఒక పేజీలో ఆ మాట ఎన్నిసార్లు రాశానో. చెవులు వినపడని పిల్లకి, వినపడలేదు, వినపడలేదు అని నేను రాసి పంపుతున్నాను.

కింద ఆ పిల్ల రాసింది: "అక్కా, మీక్కూడానా?"

నవ్వొచ్చింది. వెంటనే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. తుడుచుకునే వ్యవధి లేదు, అవతల పాఠం పోతోంది.

పెట్టె ఆపి మళ్ళీ పెట్టాం. రోజూ పొద్దున్న అదే పని. వైరు మార్చాం. మా ఆయన పెట్టెని విప్పబోతే చిట్టి అడ్డం పడింది. చివరికి నెట్ కంపెనీ మనిషి వచ్చాడు. ఒక చెవి ఫోన్‌కి అప్పగించి, రెండో చెవితో మా గోడు వింటూ, వైరు తీసి తన యంత్రానికి పెట్టుకుని చూశాడు.

"బయటినుంచి బాగానే వస్తోందమ్మా. లోపల ఎవరో లాగుతున్నారు," అని, ఫోన్లో మాట్లాడుకుంటూనే మెట్లు దిగిపోయాడు.

ఆ మాట మా ఇంట్లో దయ్యంలా కూర్చుంది. మా ఆయన చిట్టి ఫోన్ వైపు చూసేవారు. చిట్టి ఆయన ఫోన్ వైపు చూసేది. నేను అందరి చేతుల వైపూ చూసేదాన్ని. వంటింట్లో ఉన్నా, ఎవరైనా ఫోన్ తీసిన చప్పుడు నాకు తెలిసిపోయేది.

అందరికంటే ముందు అర్థం చేసుకున్నది మాత్రం అత్తయ్యే. లాగడం అన్న మాట ఆవిడకి కొత్త కాదు. వాళ్ళ వీధిలో ఓ పెద్దమనిషి కుళాయికి దొంగతనంగా మోటారు తగిలించి, ఇరుగుపొరుగు ఇళ్ళల్లో చుక్క పడకుండా లాగేసేవాడట. ఆవిడే కనిపెట్టి, నలుగురిలో నిలబెట్టి కడిగేసిందట. "ఎవడో మోటారు పెట్టుంటాడు అమ్మాయ్. నువ్వు పని చూసుకో, నేను తేలుస్తాను," అని చీర కుచ్చిళ్ళు ఎగదోపి పైవాటా టైలరు దగ్గరికెళ్ళింది. ఆ టైలరు పాపం, కుట్టుమిషను ఆపి, తన ఫోన్ చూపించాడట. మీటలు నొక్కే పాతకాలం ఫోన్, నెట్ రాదు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకోటి ఎక్కడ దాచావని అడిగిందట. నేను వెళ్ళి క్షమించమని చెప్పుకుని రావాల్సొచ్చింది. దిగి వస్తుంటే వెనకనుంచి ఆయన, "మీ అత్తగారు పోలీసుల్లో ఉండాల్సిన మనిషండీ," అన్నాడు.

ఫోన్ డేటాతో పని గట్టెక్కిద్దామని చూశాను. మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ బాత్రూం వెంటిలేటర్ కింద తప్ప ఎక్కడా నిలవదు. అక్కడే కూర్చున్నాను. బోర్లించిన బకెట్ నా కుర్చీ, అత్తయ్య నీళ్ళ డ్రమ్ము మూత నా బల్ల. తలుపు గడియ. ఎండకి రేకు తలుపు కాగిపోతోంది. మెడమీంచి చెమట వెన్నులోకి దిగుతుంటే తుడుచుకోకుండా టైపు చేస్తున్నాను. గీత పచ్చగా లేకపోయినా, పసుపులో నిలబడింది. ఆ పసుపే నాకు బంగారంలా ఉంది.

తలుపు బయటినుంచి అత్తయ్య గొంతు. నా వేళ్ళకి చెవులు చెప్పింది రాయడమే తెలుసు. హిమోగ్లోబిన్ మధ్యలో, "అమ్మాయ్, ఇంకా ఎంతసేపు, నేను ఆగలేను" అని రాసేసి, పంపేసి, అప్పుడు చూసుకున్నాను.

ఆ పిల్ల అడిగింది: "ఇది పరీక్షలో వస్తుందా అక్కా?"

ఆ కాసింత నవ్వూ ఎంతోసేపు లేదు. క్లాసు ఇంకా ఉండగానే ఫోన్లో డేటా అయిపోయింది. తలుపు తీసుకుని బయటికొచ్చాను. హాల్లో చిట్టి మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ చూస్తోంది. వెళ్ళి లాక్కున్నాను. ఏమీ చూడటంలేదమ్మా, దింపినవే చదువుతున్నాను అంటోంది. నిజమే. కానీ చదివేది ఒకటి, దిగేవి ఓ డజను. ఆ వారం పాఠాలు కావు, ఆ నెల పాఠాలు. ఎందుకే ఇన్ని అంటే, "నెట్ ఎప్పుడు పోతుందో తెలీట్లేదు కదా, ఉన్నప్పుడే దింపుకుంటున్నాను," అంది.

మా ఆయన ఫోన్ బల్లమీద ఉంది. అదీ తీసి చూశాను. కంప్రెసర్లూ మోటార్లూ వరసగా దిగుతున్నాయి.

ఇంట్లో మిగిలిన ఒక్క పనినీ అందరూ కలిసి ఊడగొడుతున్నారన్నాను. పని లేకుండా కూర్చోవడం మీకు అలవాటైపోయిందేమో, నాకింకా కాలేదన్నాను. ఆ మాట ఆయన్నే అన్నాను. చిట్టి ముందు, ఆయన తల్లి ముందు.

ఆయన తన ఫోన్ అందుకుని, దింపినవన్నీ ఒక్కొక్కటిగా తుడిచేశారు. తర్వాత చెప్పులు వేసుకుని బయటికెళ్ళి, చీకటిపడే వేళకి వచ్చారు. చేతిలో సంచీ. కూరగాయలు తెచ్చారు. అన్నీ నాకిష్టమైనవే. అది చూసి నాకు ఇంకా కష్టమనిపించింది.

ఆ రాత్రి వంటింట్లో నేను తరుగుతుంటే ఆయన గుమ్మానికి ఆనుకుని నెమ్మదిగా అన్నారు, ఒకవేళ నీ పని పోతే ముందు ఈ నెట్ తీయించేద్దాం, దానికి పోసేదంతా దండగ అని. మరి చిట్టి చదువో అన్నాను. చూద్దాంలే అన్నారు. పక్కగదిలో అత్తయ్య ఆరిన బట్టలు మడతపెడుతోంది. మేం గొంతు తగ్గించే మాట్లాడామనుకున్నాం.

చిట్టి దింపడం మానేసింది. ఆయన మానేశారు. అయినా నెట్ బాగుపడలేదు. బాగుపడకపోగా, క్లాసు మొదలైనప్పటినుంచి అయ్యేదాకా ఒకటే ఈడుపు. నాకు పిచ్చెక్కినంత పనైంది. గోడకి చెవి పెట్టి వింటే తెలుస్తుందేమో అన్నట్టు పెట్టె దగ్గర నిలబడేదాన్ని. అన్నం సయించేది కాదు. ఆ పిల్ల జోకులు వేయడం మానేసింది. క్లాసు అయ్యాక, "ఇవాళ మధ్యలో ఏదో ముఖ్యమైనది పోయినట్టుందక్కా. పక్కమ్మాయి నోట్సు అడిగాను, ఇవ్వలేదు," అని రాసింది. నా మీద ఫిర్యాదు చేయొచ్చు. ఒక్క మీట నొక్కితే వేరే మనిషినిస్తారు. నొక్కలేదు. నొక్కితే బాగుండునని ఒక క్షణం, నొక్కకూడదని ఇంకో క్షణం.

చిట్టి సలహా మీద నెట్ తాళం మాట, అదే పాస్‌వర్డ్, మార్చాం. బయటివాళ్ళెవరైనా వాడుతుంటే ఆగిపోతారని. మర్నాడు, నమ్మండి, గీత పచ్చగా లేచింది. మొదటి నుంచి చివరి దాకా. లెక్చరర్ దగ్గితే దగ్గు కూడా వినపడింది. దొంగ బయటివాడేనని తేలిపోయిందని ముగ్గురం సంబరపడ్డాం. అత్తయ్య, "నేను ముందే చెప్పాను, మోటారని," అంది.

ఆ మర్నాడు మళ్ళీ ఎర్ర గీత.

టర్మ్‌లో ఇక చివరి పాఠాలే మిగిలాయి. సూపర్‌వైజరు ఈసారి ఫోన్ చేయలేదు, ఒక వాక్యం రాసింది. చివరి క్లాసు అయ్యాక మాట్లాడుకుందామండీ అని. దాన్ని చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం క్లాసు అప్పుడే అయింది. ఇంట్లో అలికిడి లేదు. ఆయన ఎక్కడో పాత వాషింగ్ మెషీన్ చూడటానికి వెళ్ళారు, చిట్టి లైబ్రరీకి పోయింది. ఆకలి లేదు, నిద్ర లేదు, ఏడుపు కూడా లేదు. పని పోతుందన్న భయం కూడా అలిసిపోయినట్టుంది.

అత్తయ్య గదిలోకి వచ్చింది. నా క్లాసు లేదని తలుపు సందులోంచి చూసి, నిర్ధారించుకుని వచ్చింది. చేతిలో టాబ్లెట్.

"అమ్మాయ్, ఇది నిండిపోయిందంటోంది. ఇంకా పెద్దది ఏమైనా ఉందా మనింట్లో?"

తీసుకుని చూశాను. చోటు లేదు, కొన్ని తీసేస్తే గానీ కొత్తవి పట్టవు అని రాసుంది. దాని వెనక పొడుగాటి వరస. వేలితో పైకి తోస్తుంటే తరగడంలేదు. చిట్టికి నెట్లో చెప్పే కళ్ళజోడు మాస్టారి పాఠాలు. ఈ పరీక్షవే కాదు. పై చదువులవీ, ఆ పై చదువులవీ, మరోవైపు చిన్నపిల్లల ఎక్కాల దాకా. ఆ మాస్టారి మొహం కనపడిన ప్రతిదాని కిందా బాణం నొక్కింది ఆవిడ. వాటి తర్వాత వాషింగ్ మెషీన్ల మరమ్మతులు, ఫ్రిజ్‌ల మరమ్మతులు. మా ఆయన తుడిచేసినవన్నీ ఇక్కడున్నాయి, ఇంకా ఎన్నో. అడుగున ఆవిడ సీరియల్ ఒకటి. చివరి వాటి పక్కన చిన్న గుండ్రాలు ఇంకా తిరుగుతున్నాయి, ఆగి ఆగి.

"ఇవన్నీ ఎప్పుడు దింపారత్తయ్యా?"

"నువ్వు తలుపేసుకున్నాక. అప్పుడైతే ఎవరూ వాడరు కదా, కుళాయి ఖాళీగా ఉంటుంది." మంచం అంచున కూర్చుంది. "మధ్యలో ఒకరోజు అసలు రాలేదు. చిట్టినడిగితే ఏదో కొత్తమాట కొట్టి ఇచ్చింది. మళ్ళీ వచ్చింది. సన్నగా వస్తోంది అనుకో. ఎంత సన్నగా వస్తే అంత తొందరగా పట్టుకోవాలి, రేపు వస్తుందో రాదో."

ఆవిడ గొంతు తగ్గించింది.

"నీ పని పోతే తీయించేస్తారని విన్నాను. తీయించేసినా ఫరవాలేదు. పిల్ల చదువుకి ఇబ్బంది లేదు. వాడికీ పట్టాను. నీకేం కావాలో తెలీలేదు. నీది ఎప్పటికప్పుడు వినాల్సిందట కదా, పట్టి పెట్టుకోవడానికి లేదట. చిట్టి చెప్పింది."

గట్టిగా అరుద్దామనే నోరు తెరిచాను. నెలంతా నాలో పోగైన అరుపు అది. ఆవిడ చూపుడువేలు నా కళ్ళముందుంది, టాబ్లెట్ పగిలిన అద్దం గీసుకుని చిన్న ప్లాస్టర్ వేసుంది.

"ఇక చాలత్తయ్యా," అన్నాను. "ఇవి సరిపోతాయి."

"ఇంకా కొన్ని మిగిలాయే."

"మిగిలినవి నేను పడతాను. మీరు కాసేపు నడుం వాల్చండి."

గుండ్రాలన్నీ ఆపేసి, టాబ్లెట్ ఆవిడకే ఇచ్చాను. నా తెరమీద చూస్తే గీత పచ్చగా ఉంది. క్లాసు లేదు కదా, ఆ పచ్చని ఏం చేసుకోను.

ఆయన రాగానే పెరట్లోకి తీసుకెళ్ళి చెప్పాను. "దింపి పెట్టుకోమన్నది నువ్వేగా," అని నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగిపోయింది. చాలాసేపు ఆ ఎర్ర బకెట్ మూతని సరిచేస్తూ నిలబడ్డారు. అమ్మకి చెప్పకు అన్నారు. చెప్పనన్నాను. చిట్టికి చెబితే అది మొహం కడుక్కోవడానికి వెళ్ళి ఎంతకీ రాలేదు. కొత్తమాట కొట్టి ఇచ్చింది తనే కదా.

చివరి క్లాసు రోజు ఇంట్లో ఒక్క ఫోన్ వెలగలేదు. ఆయన అన్నీ తెచ్చి ఫ్రిజ్ మీద, నెట్ పెట్టె పక్కన వరసగా పేర్చారు. పెట్టె ఫ్రిజ్ మీదకి ఎప్పుడు చేరిందో, చిట్టి ఎప్పుడు ఒప్పుకుందో నేను గమనించనే లేదు. అత్తయ్య టాబ్లెట్ కూడా ఆ వరసలో ఉంది. ఎవరూ అడగకుండానే తెచ్చి పెట్టిందని చిట్టి తర్వాత చెప్పింది. ఎందుకు నానమ్మా అంటే, అందరూ పెట్టారుగా అందట.

ఆ రోజు ఒక్క మాట పోలేదు. లెక్చరర్ పరీక్షలో ఏవి వస్తాయో ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయారు. నా వేళ్ళు ఆయన వెంటే పరుగెత్తాయి. అయిపోయాక ఆ పిల్ల రాసింది: "అక్కా, ఇవాళ అంతా వినపడింది. వెళ్ళొస్తాను."

సూపర్‌వైజరు చెప్పింది కూడా నేననుకున్నదే. ఒక్క రోజు పచ్చ టర్మ్ మొత్తాన్ని మార్చదు. ఇంటినుంచి లైవ్ క్లాసులు ఇక ఇవ్వరు. అయితే పెద్ద ఊళ్ళో కంపెనీ సెంటర్ ఉంది. అక్కడ లైన్లు వాళ్ళవే. వచ్చి కూర్చుని చేస్తానంటే తను మాట్లాడుతుంది. రోజూ వెళ్ళి రాగలిగే దూరం కాదు. ఆడవాళ్ళకి ఉండే చోటుంది, మంచాలు వరసగా ఉంటాయి, అల్మరా ఒకటిస్తారు. "మీ ఇంట్లో వాళ్ళతో మాట్లాడుకుని చెప్పండి," అంది. నేను అప్పుడే చెప్పేశాను. మాట్లాడుకుంటే చెప్పలేననిపించింది.

సాయంత్రం నలుగురం భోజనానికి కూర్చున్నాం. వంట ఆయనే చేశారు. ఉప్పు ఎక్కువైంది, ఎవరూ అనలేదు. చిట్టి నీళ్ళు తాగుతోంది.

"సోమవారం నుంచి సెంటర్‌కి వెళ్తున్నాను," అన్నాను. "అక్కడే ఉంటాను. శనివారం సాయంత్రాలు వస్తాను. వస్తానని వాళ్ళకి చెప్పేశాను."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. నావైపు చూసి, తలూపారు. ఎందుకని అడగలేదు. చిట్టి గ్లాసు కింద పెట్టలేదు.

"ఇక్కడినుంచి చేయకూడదా?" అత్తయ్య అడిగింది.

"ఈ వీధిలో లైన్ బాగోదటత్తయ్యా. అందర్నీ అక్కడికే రమ్మంటున్నారు."

చిట్టి కంచంలోకి చూసుకుంటోంది. అత్తయ్య దాన్ని చూసింది, ఆయన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"అక్కడ ఎప్పుడూ వస్తుందా?"

"ఎప్పుడూ వస్తుందట."

"నీళ్ళు?"

"కనుక్కోలేదు."

"కనుక్కోవాలిగా," అంది ఆవిడ. చెయ్యి కడుక్కుని లేచి, మోకాలి మీద చెయ్యి వేసుకుంటూ పెరటి గుమ్మం వైపు నడిచింది. ఎర్ర బకెట్ మూత తీసిన చప్పుడైంది. ఆపైన నీళ్ళు. ఆవిడ వాటిని నిదానంగా గుమ్మం మెట్ల మీద నుంచి ఒంపేస్తోంది. చివరి చుక్క దాకా ఒంపి, బకెట్ లోపల కొంగుతో తుడిచి, తెచ్చి నా పక్కన పెట్టింది.

"మూత గట్టిగా పడుతుంది," అంది. "బట్టలు ఇందులో సర్దుకో."